కుడికి మూడు, కిందికి రెండు

దసరా సెలవులకు తెనాలి వెళ్ళినప్పుడు మా పెదనాన్నగారి ఇంట్లో టీవీ మీద గుడ్డ కప్పి ఉండటం చూశాను. పెద్దమ్మ ఎప్పుడో పూలు కుట్టిన పాత దిండు గలీబు అది. ఆవిడ పోయి నాలుగేళ్ళు దాటింది. అప్పటి నుంచి సాయంత్రం ఆరున్నరకు దేవుడి దగ్గర దీపం వెలిగించటం, ఏడింటికి ఏదో ఒక పాత తెలుగు సినిమా పెట్టుకోవటం, సగం చూసి భోజనానికి లేవటం, మిగతా సగం మర్నాడు చూడటం ఆయన దినచర్య. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండే ఆ రెండు గంటలనూ ఆయనకు దాటించింది ఆ టీవీయే అని మా కుటుంబంలో అందరికీ తెలుసు.

"టీవీ పాడయిందా పెదనాన్నా?" అని అడిగాను.

"పాడవలేదురా. చూడబుద్ధి కావటం లేదు" అన్నారు.

నేను నమ్మాను. వయసు మళ్ళినవాళ్ళు ఒకదాని మీద ఆసక్తి పోయిందని చెబితే మనం ఎంత సులభంగా నమ్మేస్తామో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ రాత్రి దోమల బిళ్ళల కోసం సొరుగు లాగితే నలభై పేజీల నోటుపుస్తకం ఒకటి కనబడింది. పెదనాన్నగారు ముప్ఫై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేశారు. దస్తూరీలో ఆ క్రమశిక్షణ ఇంకా పోలేదు. మొదటి పేజీలో శీర్షిక పెట్టి, కింద గీత గీసి, ఇలా రాసుకున్నారు: ఒకటి, ఎర్ర మీట నొక్కవలెను. రెండు, కుడికి మూడు. మూడు, కిందికి రెండు. నాలుగు, నడిమి మీట. ఐదు, తెర వెలుగు వచ్చువరకు ఆగవలెను. తరవాతి పేజీల్లో నిన్న ఆపిన చోటి నుంచి చూడటం ఎలా, పొరపాటున వేరే చోటికి పోతే వెనక్కి రావటం ఎలా, అన్నీ అంచెలంచెలుగా ఉన్నాయి. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. కుర్చీలోంచి చూస్తే తెర మీది సన్నని బూడిదరంగు అక్షరాలు ఆయనకు ఆనవు. అంచేత అక్షరాల జోలికి పోకుండా లెక్కను నమ్ముకున్నారు. దారి చూడలేనివాడు అడుగులు లెక్కపెట్టుకున్నట్టు, ఆ యాప్‌లో ఆయన వేళ్ళతో నడిచారు.

చివరి పేజీ మాత్రం వేరుగా ఉంది. అందులో మూడు తేదీలు ఉన్నాయి. ప్రతి తేదీ కిందా ప్రయత్నాలు. కుడికి మూడు, రాలేదు. కుడికి నాలుగు, రాలేదు. పైకి ఒకటి కుడికి రెండు, ఏదో వంటల కార్యక్రమం వచ్చినది. మూడో తేదీ తరవాత ఏమీ రాయలేదు. లెక్క తప్పింది తనదేననుకుని పుస్తకం మూసి, సొరుగులో పెట్టి, టీవీ మీద గుడ్డ కప్పారు.

జరిగింది ఇంతే. ఆ యాప్ వాళ్ళు తెర అమరిక మార్చారు. ఎడమ వైపు నిలువుగా ఉన్న పట్టికను తీసి పైన అడ్డంగా పెట్టారు. వరసలు అటూ ఇటూ జరిగాయి. అది ఏ యాప్ అన్నది ఇక్కడ అవసరం లేదు. అన్నీ ఏదో ఒకనాడు ఇదే పని చేస్తాయి.

చిత్రమేమిటంటే, మర్నాడు ఉదయం నాతో వచ్చిన మా అమ్మాయి రిమోట్ తీసుకుని పది నిమిషాలు తిప్పి, "ఇదివరకటి కన్నా ఇప్పుడే బాగుంది తాతయ్యా, అన్నీ పైనే కనిపిస్తున్నాయి కదా" అంది. దాని మాట అబద్ధం కాదు. నాకూ కొత్త అమరికే నచ్చింది. ఇదివరకు ఆ పట్టిక ఎడమ అంచున ముడుచుకుని దాక్కునేది, వెతికి పట్టుకోవాలి. ఇప్పుడు కళ్ళెదుట ఉంది. ఒకే గదిలో, ఒకే తెర ముందు, ముగ్గురం కూర్చున్నాం. ఇద్దరికి మేలు జరిగింది. మూడోవారికి సాయంకాలాలు పోయాయి. వినియోగదారుల నుంచి మిశ్రమ స్పందన వచ్చిందని పత్రికల్లో చదివినప్పుడల్లా నాకిప్పుడు ఆ గదే గుర్తొస్తుంది.

ఈ విషయం ఇంకాస్త విశాలంగా చూడటానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి తీసుకుంటాను. నెట్‌ఫ్లిక్స్ సంస్థ టీవీ తెరల మీద తన మొదటి పేజీ అమరికను మారుస్తున్నట్టు 2025 మే 7న ప్రకటించి, ఆ నెల 19 నుంచి దశలవారీగా అమలు చేసింది. టీవీ వరకు చూస్తే దశాబ్దానికి పైగా కాలంలో వాళ్ళు చేసిన అతి పెద్ద మార్పు అది. ఎడమ పక్కన దాగి ఉండే పట్టిక తెర పైభాగానికి వచ్చి ఎప్పుడూ కనిపించేలా నిలిచింది. మనం దాచుకున్నవీ, సగంలో ఆపినవీ ఒక్కచోట దొరికేలా ప్రత్యేకమైన విభాగం ఏర్పడింది. సినిమా బొమ్మలు పెద్దవయ్యాయి. బొమ్మ మీదికి వెళ్ళగానే అది ఇంకా విచ్చుకుని, దానికి వచ్చిన బహుమతులూ, ఆదరణలో దాని స్థానమూ వంటి సంగతులు చెబుతుంది. ఆ క్షణంలో మనం ఏం వెతుకుతున్నామో, ఏ ప్రచార చిత్రం చూశామో గమనించి అప్పటికప్పుడు సిఫార్సులను మార్చే ఏర్పాటు కూడా చేశారు.

ఆ మార్పుకు కారణం ఉంది. పాత అమరిక సినిమాలూ ధారావాహికలూ చూపటానికి పుట్టినది. ఈలోగా సంస్థ వ్యాపారం మారిపోయింది. 2024 నవంబరులో మైక్ టైసన్, జేక్ పాల్‌ల ముష్టియుద్ధాన్నీ, అదే ఏడాది క్రిస్మస్ నాడు అమెరికన్ ఫుట్‌బాల్ పోటీలనూ ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. 2025 జనవరి నుంచి ప్రతివారం కుస్తీ పోటీలు మొదలుపెట్టింది. వీడియో ఆటలు కూడా చేర్చింది. పుస్తకాలు పెట్టుకోవటానికి కొన్న బీరువాలో బట్టలూ, గిన్నెలూ, క్రికెట్ బ్యాటూ కూడా సర్దాల్సి వస్తే అరలు మార్చక తప్పదు. ఆ మేరకు వాళ్ళ వాదన న్యాయమైనదే.

స్పందన మాత్రం రెండుగా చీలింది. తెర శుభ్రంగా ఉందనీ, తమకు కావలసినవి ఒక్కచోట దొరుకుతున్నాయనీ కొందరు సంతోషించారు. బొమ్మలు మరీ పెద్దవై ఒకేసారి కనిపించే సినిమాల సంఖ్య తగ్గిందనీ, ఏదైనా వెతకాలంటే ఎక్కువసార్లు నొక్కాల్సి వస్తోందనీ, పాతదానికి తిరిగి వెళ్ళే దారి చూపమనీ మరికొందరు విసుక్కున్నారు. ఇలాంటి విసుగును చూసి నిపుణులు చిన్న నవ్వు నవ్వుతారు. మనుషులు మార్పును ద్వేషిస్తారు, నాలుగు వారాలు ఆగితే వాళ్ళే సర్దుకుంటారు అన్నది వాళ్ళ అనుభవసారం. దీనికి ఎప్పుడూ చూపించే సాక్ష్యం ఫేస్‌బుక్. 2006 సెప్టెంబరులో ఆ సంస్థ స్నేహితుల వార్తలన్నీ ఒకే ధారగా చూపించే ఏర్పాటు తెచ్చినప్పుడు లక్షలమంది విద్యార్థులు అందులోనే గుంపులు కట్టి నిరసన తెలిపారు. వ్యక్తిగత గోప్యతకు కొన్ని అదుపులు చేర్చారు గాని, ఆ ధారను తీసెయ్యలేదు. తరవాత అదే ఆ సంస్థకు వెన్నెముక అయింది.

ఆ వాదనను నేను తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. ఫిర్యాదుల్లో కొంత భాగం ఒట్టి అలవాటు చేసే గోలే. వీధిలో కొత్త దీపం పెడితే వెలుతురు ఎక్కువైందని గొణిగేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. కాని "సర్దుకున్నారు" అన్న మాటలో ఒక లెక్క తప్పు ఉంది, లెక్కల మాస్టారి ఇంట్లో కూర్చుంటేనే అది నాకు తట్టింది. నాలుగు వారాల తరవాత ఎవరు సర్దుకున్నారో చూసేటప్పుడు మిగిలి ఉన్నవాళ్ళనే లెక్కిస్తాం. వెళ్ళిపోయినవాళ్ళు ఆ లెక్కలోకి రారు. తరగతిలో ఉన్న పిల్లలను మాత్రమే నిలబెట్టి, హాజరు నూటికి నూరు అని రాసుకున్నట్టు ఉంటుంది.

వెళ్ళిపోయినవాళ్ళు చందా మానేస్తారు కదా, ఆ అంకె కనబడుతుంది కదా అని మీరు అనవచ్చు. పెదనాన్నగారి యాప్‌కు చందా కట్టేది డాలస్‌లో ఉన్న మా అన్నయ్య. అది నెలనెలా ఆయన కార్డులోంచి దానంతటదే పోతుంది. ఆ ఖాతాలోనే అక్కడ అన్నయ్య పిల్లలు కార్టూన్లు చూస్తారు. సంస్థ దృష్టిలో ఆ ఖాతా ఆరోగ్యంగా ఉంది, నెలనెలా డబ్బు వస్తోంది, చూసే గంటలు తగ్గలేదు. తెనాలిలో ఒక టీవీ మీద గుడ్డ కప్పారన్న సంగతి ఏ పట్టికలోనూ నమోదు కాదు. ఆయన ఏ వేదిక మీదా ఫిర్యాదు రాయరు. రాయటానికి ముందు అది తన తప్పు కాదని ఆయనకు తెలియాలి. విదేశాల్లోనో, హైదరాబాదులోనో పిల్లలుండి, ఊళ్ళో ఒంటరిగా టీవీ ముందు కూర్చునే తల్లిదండ్రులు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. మిశ్రమ స్పందన అన్న మాటలో వీళ్ళ స్పందన కలవదు, ఎందుకంటే వీళ్ళది మౌనం.

ఇక అలవాటు అన్న మాట సంగతి. దాన్ని మనం కొంచెం చులకనగా వాడతాం. మన వంటిళ్ళలో పోపులపెట్టె ఉంటుంది. ఆవాలు ఏ గిన్నెలో, జీలకర్ర ఏ గిన్నెలో అన్నది ఆ ఇంటి ఇల్లాలి చేతికి తెలుసు, కంటికి పని లేదు. నూనె కాగుతుండగా చూసి వెతికే తీరిక ఉండదు. ఒకరోజు ఎవరో శుభ్రం చేసి, ఇంకా అందంగా ఉంటుందని, గిన్నెలు తారుమారు చేసి పెట్టారనుకోండి. ఆవాలకని చెయ్యి పెడితే మెంతులు వస్తాయి. సర్దినవారి ఉద్దేశం మంచిదే, బహుశా కొత్త వరస పాతదానికన్నా సక్రమమైనదే కూడా కావచ్చు. అయినా పోపు మాడుతుంది. ఆవిడ చేతిలో ఉన్నది ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న నేర్పు. పెట్టె దుకాణంలో కొన్నదే గాని ఆ నేర్పు ఆవిడ సొంతం. పెట్టె సర్దినవారు ఆ నేర్పును కూడా తీసేశారు, తీసిన సంగతి వారికి తెలియనే తెలియదు.

తెలుగులో టైపు చేసేవాళ్ళకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నవారిని లేఖినికి రమ్మన్నా, లేఖినిలో చెయ్యి తిరిగినవారిని ఇన్‌స్క్రిప్ట్‌కు పొమ్మన్నా ఎంత వాదన జరిగేదో పాతవారికి గుర్తుంటుంది. రెండూ మంచి పద్ధతులే. కాని ఒకదానిలో వేళ్ళు పడ్డాక రెండోది పరాయి ఊరు. ఆ వాదనలో మనం ఎవరినీ మార్పుకు శత్రువులని అనలేదు, ఎవరి పద్ధతి వారికి ఉండనిచ్చాం. ఉండనివ్వగలిగాం, ఎందుకంటే రెండు పద్ధతులూ అందుబాటులో ఉన్నాయి. యాప్ విషయంలో ఆ వీలు లేదు. రాత్రి పడుకుని లేచేసరికి పాతది ఉండదు.

సంస్థలు అంకెలను ఎందుకంత నమ్ముతాయో కూడా చెప్పుకోవాలి. నెట్‌ఫ్లిక్స్‌లోనే పనిచేసిన కార్లోస్ గోమెజ్ ఉరిబే, నీల్ హంట్ 2015లో ప్రచురించిన ఒక పరిశోధనా వ్యాసంలో ఆసక్తికరమైన సంగతి రాశారు. ఏం చూడాలా అని వెతికే మనిషి 60 నుంచి 90 సెకండ్లలో, పదీ ఇరవై పేర్లు చూసేసరికి ఆసక్తి కోల్పోతాడట. ఈలోగా ఏదో ఒకటి దొరక్కపోతే లేచిపోతాడు. ఆ దృష్టితో చూస్తే కొత్త అమరిక తర్కం బోధపడుతుంది. పెద్ద బొమ్మలు, తక్కువ పేర్లు, కారణం పక్కనే రాసి ఉండటం, అన్నీ ఆ తొంభై సెకండ్ల మనిషి కోసమే. కాని ఆ మనిషి ఏం చూడాలో తెలియక వచ్చినవాడు. పెదనాన్నగారికి ఏం చూడాలో తెలుసు, నిన్న ఆపిన సినిమా మిగతా సగం కావాలి. మొదటివాడు బజారుకు వచ్చాడు, రెండోవారు ఇంటికి వచ్చారు. బజారులో అంగళ్ళు రోజూ మారినా ముచ్చటే. ఇంటి గడప మాత్రం నిన్న ఉన్నచోటే ఉండాలి. ఒకే తెర ఇద్దరికీ పనికిరావాల్సి వచ్చినప్పుడు మొదటివాడి కోసమే గీయటం ఇప్పటి వాడుక, ఎందుకంటే కొత్త గంటలు వాడి దగ్గరి నుంచే రావాలి. నా దృష్టిలో మిశ్రమ స్పందనకు మూలం ఇక్కడే ఉంది. పాతకాలం వాళ్ళకూ కొత్తతరానికీ జరిగే తగవుగా దాన్ని చూస్తే సగమే అర్థమవుతుంది. నేనే శనివారం రాత్రి బజారుకు వెళ్ళినవాడిలా తిరుగుతాను, పనిరోజున అలిసిపోయి వచ్చినప్పుడు ఇంటికి చేరినవాడిలా ఆపిన చోటే వెతుక్కుంటాను.

అంకె అబద్ధమాడదు గాని అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. 2017 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్ ఐదు నక్షత్రాల పద్ధతి తీసేసి బొటనవేలు పైకీ కిందికీ చూపే పద్ధతి పెట్టింది. ప్రయోగాల్లో జనం అభిప్రాయం నొక్కటం 200 శాతం పెరిగిందని సంస్థ చెప్పింది. అది విజయమే. అయితే మూడు చుక్కల సినిమాకూ ఐదు చుక్కల సినిమాకూ మధ్య ఉన్న తేడా చెప్పుకునే వీలు పోయిందన్న బాధ కూడా నిజమే. ఐదేళ్ళకు, 2022 ఏప్రిల్‌లో, చాలా నచ్చిందని చెప్పటానికి రెండు బొటనవేళ్ళ గుర్తు చేర్చారు. అంటే పోయిన భేదాన్ని కొంత తిరిగి తెచ్చుకున్నారన్నమాట. అలాగే బొమ్మ మీద ఆగగానే దానంతటది మోగే ప్రచార చిత్రాల మీద ఎన్నో ఏళ్ళు జనం మొరపెట్టుకోగా, 2020 ఫిబ్రవరిలో వాటిని ఆపుకునే వీలు కల్పించారు. గొణుగుడు అంతా అలవాటు గోలే అయితే ఈ దిద్దుబాట్లు ఎందుకు చేసినట్టు?

ఇంతకన్నా కఠినమైన పాఠం సొనోస్‌ది. ఇంట్లో గదిగదికీ సంగీతం వినిపించే స్పీకర్లు అమ్మే ఈ అమెరికా సంస్థ 2024 మే 7న తన యాప్‌ను పునాదుల నుంచి కొత్తగా కట్టి విడుదల చేసింది. విడుదల చేసిన రోజు అందులో అలారం పెట్టుకునే వీలు లేదు, నిద్రపోయే వేళకు పాట ఆగిపోయే ఏర్పాటు లేదు, సొంతంగా దాచుకున్న పాటల్లో వెతికే సదుపాయమూ కొరవడింది. తెరను చదివి వినిపించే సాధనంతో పని చేసుకునే అంధులకు ఆ యాప్ దాదాపు మూసుకుపోయింది. వాళ్ళ ఇళ్ళలోని స్పీకర్లు బాగానే ఉన్నాయి, డబ్బు పెట్టి కొన్నవే. కాని వాటి తాళంచెవి మారిపోయింది. ఆ జులైలో సంస్థ అధిపతి పాట్రిక్ స్పెన్స్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2025 జనవరిలో పదవి వదిలి వెళ్ళారు. అక్కడ నష్టం లెక్కల్లో కనబడింది, ఎందుకంటే నష్టపోయినవాళ్ళు కొనుగోలుదారులు, గట్టిగా అరవగలిగినవాళ్ళు. అరవలేనివారి విషయంలో లెక్క తేలేదెలా?

అలాగని ఏదీ మార్చకూడదని నేను అనటం లేదు. మార్చకపోతే నాకు నచ్చిన ఆ పై వరస కూడా వచ్చేది కాదు. నేను కోరేవి నాలుగే, అవి గొంతెమ్మ కోరికలు కావనుకుంటాను.

మొదటిది, ముందుగా చెప్పటం. బ్యాంకు శాఖ వీధి మారితే నెల ముందు నుంచీ గుమ్మం మీద కాగితం అంటిస్తారు. తెర మీద పెద్ద అక్షరాల్లో, చూసేవారి భాషలో, ఫలానా తేదీ నుంచి అమరిక మారుతుందని రెండు వారాల ముందు చెప్పటం ఎంతపని? తెలుగు సినిమాలు చూపించి చందా తీసుకునేవాళ్ళు ఆ ఒక్క వాక్యం తెలుగులో రాయలేరా? రెండోది, కొన్ని నెలల పాటు పాతదానికి తిరిగి వెళ్ళే దారి. మూడోది, అన్నీ మార్చినా ఒక్క గడప మార్చకుండా ఉంచటం. ఆపిన చోటి నుంచి చూడటం అన్న వరస మొదటి స్థానంలో, యాప్ తెరవగానే వేలికి తగిలేలా, ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే చాలు. తక్కిన వరసలతో ఎన్ని ప్రయోగాలైనా చేసుకోండి. నాలుగోది, మార్పును పరీక్షించేటప్పుడు డెబ్భై దాటినవారినీ, చూపు తగ్గినవారినీ పిలిచి కూర్చోబెట్టి చూడటం. సగటు మనిషి గంటలు పెరిగాయా అని అడిగినట్టే, ఎవరు చూడటం మానేశారు అన్న ప్రశ్న కూడా అడగటం.

రెండు అమరికలనూ ఒకేసారి నడపటం ఖర్చుతో కూడిన పని అని నా మిత్రులు, సాఫ్ట్‌వేరులో ఉన్నవారు, అంటారు. పాతదానిలో దొర్లే తప్పులు దిద్దాలి, కొత్త సదుపాయం ఏది చేర్చినా రెండుచోట్లా చేర్చాలి. నిజమే, అందుకే ఎల్లకాలం ఉంచమనటం లేదు. కాని ఆ ఖర్చు మాయమవదని కూడా వాళ్ళు గ్రహించాలి. సంస్థ భరించని ఖర్చును ఇంట్లో ఎవరో ఒకరు భరిస్తారు. మనవడు సెలవు పెట్టుకుని వచ్చి నేర్పుతాడు, లేదా పక్కింటి అబ్బాయిని రోజూ బతిమాలుకోవాలి, లేదా ముసలాయన గుడ్డ కప్పేస్తాడు. వీటిలో చివరిదే చవక, అందుకే ఎక్కువగా జరిగేది అదేనేమోనని నా భయం.

పెదనాన్నగారు మొదటిసారి ఆ యాప్ నేర్చుకోవటానికి పదకొండు రోజులు పట్టిందట. నేర్చుకున్న రోజు పక్కింటివాళ్ళకు మిఠాయి పంచారని ఆ తరవాత తెలిసింది. డెబ్భై అయిదేళ్ళ వయసులో, భార్య పోయిన ఏడాది, ఒకరి సాయం లేకుండా తన సాయంత్రాన్ని తాను నడుపుకోగలగటం ఆయనకు చిన్న విషయం కాదు. పోగొట్టుకున్నది సినిమా అయితే మళ్ళీ పెట్టుకోవచ్చు. ఒకరిని అడగకుండా పెట్టుకోగలగటం పోయింది, అది పైకి చెప్పుకోలేని నష్టం. అందుకే "చూడబుద్ధి కావటం లేదు" అన్నారు.

తిరిగి వచ్చేముందు రోజు నోటుపుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఒక నిమిషం మాట్లాడలేదు. "నేను లెక్క తప్పానేమో అనుకున్నానురా" అన్నారు. తప్పింది మీ లెక్క కాదు, వాళ్ళు దారి మార్చారు అని చెప్పాను. ఆ మాటకు ఆయన ముఖంలో వచ్చిన మార్పును వర్ణించటం నాకు చేతకాదు. మా అమ్మాయి పక్కన కూర్చుని నొక్కి చూపిస్తుంటే ఆయనే కొత్త పేజీలో శీర్షిక పెట్టి, గీత గీసి, రాసుకున్నారు. పైకి ఒకటి, కుడికి నాలుగు, కిందికి ఒకటి. మూడుసార్లు సరిచూసుకున్నారు. తరవాత కలం మూసి, నన్ను చూసి అడిగారు: "ఇది ఎన్నాళ్ళుంటుందిరా?"

నా దగ్గర జవాబు లేదు. ఉండగలిగినవాళ్ళు ఆ యాప్ తయారు చేసేవాళ్ళే. మీరు ఈసారి ఊరెళ్ళినప్పుడు టీవీ మీద గుడ్డ కప్పి ఉంటే మాత్రం, ఆసక్తి పోయిందన్న మాట వెంటనే నమ్మకండి. సొరుగులో ఏదైనా నోటుపుస్తకం ఉందేమో ఒకసారి చూడండి.